కొవ్వు లేనిదే కణం లేదు

వరంగల్: ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి నుంచి దూది వేరుచేయగా మిగిలే గింజలో ఐదో వంతు వరకు నూనె ఉంటుంది. నువ్వులు, వేరుశనగ గింజల్లో దాదాపు సగం నూనే. మొలకెత్తిన మొక్క సొంతంగా ఆహారం తయారు చేసుకునే వరకు బతికేందుకు తల్లి మొక్క దాచి ఇచ్చిన నిల్వ ఇది. మనిషి చర్మం కింద పేరుకునే కొవ్వు కూడా ఇటువంటి నిల్వే.

నిర్మాణం ఇలా..
ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు జతకూడితే ట్రైగ్లిజరైడ్ ఏర్పడుతుంది. నూనె, నెయ్యి ప్రధానంగా ఇవే. కొవ్వు ఆమ్లం ఒక కార్బన్ గొలుసు. అందులో ద్విబంధం లేకుంటే సంతృప్త ఆమ్లం అంటారు. ఈ గొలుసులు తిన్నగా ఉండి ఒకదానికొకటి దగ్గరగా అమరుతాయి. సంతృప్త ఆమ్లాలు ఎక్కువగా ఉన్నందునే నెయ్యి, కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడతాయి. సహజమైన అసంతృప్త ఆమ్లాల్లో ద్విబంధం వద్ద గొలుసు వంగుతుంది. అందువల్ల నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె ద్రవంగానే ఉంటాయి.

శరీరంలో విధులు
గ్రాము కొవ్వు 9 కిలో కెలోరీల శక్తినిస్తుంది. పిండిపదార్థాలు, మాంసకృత్తుల నుంచి లభించేది గ్రాముకు 4 మాత్రమే. ప్రతి కణాన్ని చుట్టి ఉండే పొర ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులతో రెండు వరుసలుగా ఏర్పడింది. కొలెస్ట్రాల్ నుంచి పైత్యరస లవణాలు, లైంగిక హార్మోన్లు తయారవుతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లను శరీరం గ్రహించాలంటే కొవ్వు కావాలి. ఆకుకూరలు, క్యారెట్‌లను కొద్దిపాటి నూనెతో వండటంలోని ప్రయోజనం ఇదే. లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను శరీరం తయారు చేసుకోలేదు. ఆహారం ద్వారానే అందాలి. రెండోది అవిసె గింజల్లో సమృద్ధిగా లభిస్తుంది.

పిల్లలకు మాన్పించరాదు
తల్లిపాల శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. నీటిని మినహాయిస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. లావవుతారన్న భయంతో రెండేళ్లలోపు పిల్లలకు నెయ్యి, నూనె పూర్తిగా మాన్పిస్తే ఎదుగుదలకు హాని కలుగుతుంది.

హద్దు దాటితే ముప్పు
పెద్దలు తీసుకునే మొత్తం శక్తిలో కొవ్వుల వాటా 30 శాతం, సంతృప్త కొవ్వులు 10 శాతం, ట్రాన్స్ కొవ్వులు ఒక శాతం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నూనెలను పాక్షికంగా గట్టిపరిచే ప్రక్రియలో పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెజబ్బులకు దారితీస్తాయి. నూనెలు, వనస్పతిలో వీటి పరిమితిని దేశంలో 2022 జనవరి నుంచి 2 శాతానికి కుదించారు. ఒకసారి కాచిన నూనెలో మళ్లీమళ్లీ వేయించడం మానుకోవాలి. ఒకే నూనెకు పరిమితం కాకుండా మార్చిమార్చి మితంగా వాడుకోవడం మేలు.