జీవన వేతనపు లెక్కలో చేరని ఖర్చులు: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

కష్టపడిన వానికి కూలి చెల్లించవలెనని లూకా 10:7, 1 తిమోతి 5:18 ఆధారముగా మనము తరచుగా బోధిస్తుంటాము. అయితే ఆ కూలి ఎంత ఉండవలెను? ఒక కుటుంబము మనుష్యులవలె బ్రదుకుటకు ఎంత చాలును? ఈ ప్రశ్నకు లేఖనములలో అంకె దొరకదు. ద్రాక్షతోట యజమానుని ఉపమానములోని దేనారము (మత్తయి 20:1-16) ఆ కాలములో ఒక దినపు కూలి అని మాత్రము మనకు తెలుసు.

ఆ అంకెను వెదకినవారు ఆధునిక చరిత్రలో కొందరున్నారు. తిండి, అద్దె, వంటచెరకు, బట్టలు అని వరుసగా వ్రాసి, ప్రక్కన ధర వేసి, చివర మొత్తము కట్టిన వారి పట్టికలు నేటికీ మనకు లభ్యమగుచున్నవి. ఈ వ్యాసములో మనము ఆ మొత్తముకంటె ఎక్కువగా మొత్తము క్రింద ఉన్న మాటను గమనించబోతున్నాము. ఫలానా ఖర్చులు ఇందులో చేర్చలేదు అను మాట అది. 1876 నుండి 1991 వరకు వచ్చిన కొన్ని ముఖ్యమైన లెక్కలను ఈ దృష్టితో చదివితే, జీవన వేతనమను భావము ఎట్లు ఎదిగినదో, అది సంఘమునకు ఎందుకు సంబంధించిన విషయమో స్పష్టమవుతుంది.

2. ఖైదీ భోజనము కొలతగా: 1876

దాదాభాయి నౌరోజీ 1876లో భారతదేశ పేదరికమును గూర్చిన పత్రమును ఈస్ట్ ఇండియా అసోసియేషన్ బొంబాయి శాఖ ఎదుట చదివారు. బ్రిటిషు ఇండియాలో తలసరి ఆదాయము ఏడాదికి 20 రూపాయలని ఆయన అంచనా. అది చాలునా చాలదా అని తేల్చుటకు ఒక కొలత కావలెను. ఆయన తన స్వంత కొలతను ప్రవేశపెట్టలేదు. ప్రభుత్వమువారు తామే నిర్ణయించిన కొలతలను తీసుకున్నారు. ఓడలలో పరదేశములకు పంపబడు కూలీలకు ప్రయాణములో ఎంత బియ్యము, ఎంత పప్పు ఇవ్వవలెనో అధికారులు వ్రాసిపెట్టారు. జైలులో ఖైదీ తిండికి, బట్టకు ఎంత ఖర్చగునో ప్రభుత్వ నివేదికలలో ఉన్నది. ఈ లెక్కలతో పోల్చి, నేరస్థునికి దొరకు తిండి బట్టలకైనను దేశపు ఉత్పత్తి సరిగా చాలుట లేదని ఆయన చూపించారు. ఇట్టి కూలీల ఓడలు తెలుగువారికి దూరపు మాట కాదు. కోరంగి రేవు నుండి మారిషస్‌కు, మద్రాసు రేవు నుండి నేటాలుకు వెళ్ళినవారిలో మనవారు అనేకులు.

లెక్క ముగించునప్పుడు నౌరోజీ ఒక విషయము స్పష్టము చేశారు. చిన్నపాటి సుఖములు, సాంఘిక, మతపరమైన అవసరములు, సంతోష దుఃఖ సమయముల ఖర్చులు, కరవు కాలమునకు దాచుకొను సొమ్ము ఆ లెక్కలో చేరలేదు. అనగా పెండ్లి, చావు, పండుగ, కరవు లేని మనిషికి మాత్రమే ఆ కొలత సరిపోతుంది. అట్టి మనిషి జైలులో ఉండవచ్చును గాని ఊరిలో ఉండడు.

3. యార్క్ నగరపు పట్టిక: 1901

ఇంగ్లండులోని యార్క్ నగరములో కోకో, చాక్లెట్ల కర్మాగారము నడుపు కుటుంబములో పుట్టిన సీబోమ్ రౌంట్రీ క్వేకర్ విశ్వాసి. 1899లో ఆయన ఆధ్వర్యములో ఆ నగరములోని 11,560 కార్మిక కుటుంబముల వివరములు ఇంటింటికి వెళ్ళి సేకరించబడినవి. 1901లో గ్రంథము వెలువడినది. తలిదండ్రులు, ముగ్గురు పిల్లలు గల కుటుంబమునకు వారమునకు ఆహారమునకు 12 షిల్లింగుల 9 పెన్సులు, అద్దెకు 4 షిల్లింగులు, బట్టలు, దీపము, వంటచెరకు మొదలగువాటికి 4 షిల్లింగుల 11 పెన్సులు, వెరసి 21 షిల్లింగుల 8 పెన్సులు కావలెనని ఆయన లెక్కకట్టారు. ఆ ఊరిలో నైపుణ్యము లేని కూలికి వచ్చునది 18 నుండి 21 షిల్లింగులు మాత్రమే. నగర జనాభాలో నూటికి దాదాపు 28 మంది పేదరికములో ఉన్నారని తేలినది.

పేదలు దుబారా చేసి పేదలైరను వాదమునకు చోటు ఇవ్వకూడదని రౌంట్రీ తన పట్టికను కావాలనే కఠినముగా తయారుచేశారు. శరీరము పనికి పనికివచ్చునట్లు నిలుపుటకు కావలసినది తప్ప మరేమియు అందులో లేదు. ఆ పట్టిక ప్రకారము బ్రదుకు కుటుంబము రైలు ఎక్కకూడదు, వార్తాపత్రిక కొనకూడదు, దూరముననున్న పిల్లలకు ఉత్తరము వ్రాయుటకు తపాలా బిళ్ళ కొనకూడదు, డబ్బు ఖర్చగు సహాయమేదియు పొరుగువానికి చేయకూడదు, దేవాలయమునకు కానుక వేయకూడదు అని ఆయనే వివరించారు. నౌరోజీ విడిచిన మతపరమైన అవసరములే ఇరువదియైదేండ్ల తరువాత మరియొక దేశములో మరల లెక్క వెలుపల నిలిచినవి.

అయితే రౌంట్రీ అక్కడ ఆగలేదు. 1918లో ప్రచురించిన మరియొక గ్రంథములో, శరీరమును నిలుపుట మాత్రమే వేతనమునకు కొలత కాదని, మనుష్యుని అవసరములు కొలత కావలెనని వాదించారు. భీమా, వార్తాపత్రిక, వినోదము, ప్రయాణపు ఖర్చులు చేర్చి 1914 నాటి ధరలలో 35 షిల్లింగుల 3 పెన్సులు కావలెనన్నారు. పట్టిక క్రింద మిగిలిన ఖర్చులలో కొన్ని ఇప్పుడు పట్టికలోనికి ఎక్కినవి.

4. కోతయంత్రముల తీర్పు: 1907

ఇంతలో సంఘ వర్గములలోను ఈ చర్చ బలపడినది. 1891 మే 15న 13వ లియో పోపు వెలువరించిన రేరుం నోవారుం అను విశ్వలేఖ, ఇరుపక్షములు ఒప్పుకొనినంత మాత్రమున వేతనము న్యాయమైనది కానేరదని, పొదుపుగా బ్రదుకు కార్మికుని పోషించుటకు అది చాలియుండవలెనని బోధించినది. 1906లో అమెరికా గురువు జాన్ ఎ. రయన్ జీవన వేతనము అను పేరుతోనే ఒక గ్రంథము వ్రాసి, అది కార్మికుని హక్కు అని వాదించారు.

ఈ బోధ ఒక న్యాయస్థానపు తీర్పులో అంకెగా మారినది ఆస్ట్రేలియాలో. అక్కడి 1906 నాటి చట్టము ప్రకారము, కార్మికులకు న్యాయమైన, సముచితమైన వేతనము ఇచ్చు యంత్రముల తయారీదారునికి ఎక్సైజు సుంకము మినహాయింపు ఉన్నది. మెల్బోర్న్ దగ్గర సన్‌షైన్ అను చోట కోతయంత్రములు తయారుచేయు హెచ్. వి. మెకే ఆ మినహాయింపు కోరాడు. విచారించిన న్యాయమూర్తి హెన్రీ బోర్న్స్ హిగ్గిన్స్ ఐర్లండులో ఒక వెస్లియన్ బోధకుని కుమారుడు. చట్టములో సముచితము అను మాటకు అర్థము చెప్పబడలేదు. మార్కెట్టులో బేరమాడి ఒప్పుకొన్న కూలియే సముచితమైతే ఈ చట్టముతో పనియే లేదు గనుక, నాగరిక సమాజములో జీవించు మనుష్యునిగా కార్మికుని సాధారణ అవసరములే కొలత అని ఆయన నిర్ణయించాడు.

ఆ అవసరములు ఎంత అని తెలిసికొనుటకు ఆయన కార్మికుల ఇండ్లలోని గృహిణుల సాక్ష్యము తీసుకున్నాడు. వారి లెక్కల ప్రకారము సుమారు అయిదుగురు గల కుటుంబమునకు అద్దె, సరకులు, రొట్టె, మాంసము, పాలు, వంటచెరకు, కూరగాయలు, పండ్లకు వారమునకు 32 షిల్లింగుల 5 పెన్సులు అగును. మెకే కర్మాగారములో సామాన్య కూలికి రోజుకు 6 షిల్లింగులు, వారమునకు 36. మిగులునది 3 షిల్లింగుల 7 పెన్సులు. ఇంకను లెక్కలోనికి రాని ఖర్చులను హిగ్గిన్స్ తీర్పులో వరుసగా వ్రాశాడు: దీపము, బట్టలు, బూట్లు, సామాను, భీమా, పొదుపు, పని దొరకని దినములు, పుస్తకములు, ట్రాము ఛార్జీలు, కుట్టుమిషను, బడి సామగ్రి, సెలవులు, జబ్బు, చావు, చివరకు మతము, దానధర్మములు. మిగిలిన ఆ కొద్ది సొమ్ములో ఇవన్నియు ఇమడవని స్పష్టమే. లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థలు అనేకము సామాన్య కూలికి 7 షిల్లింగులు ఇచ్చుచున్నవని గమనించి, 1907 నవంబరు 8న రోజుకు 7 షిల్లింగులు సముచితమైన కనీసమని తీర్పు చెప్పాడు.

తీర్పునకు ఆధారమైన చట్టము 1908లో హైకోర్టులో కొట్టివేయబడినది. అయినను హిగ్గిన్స్ అధ్యక్షత వహించిన మధ్యవర్తిత్వ న్యాయస్థానము తరువాతి నిర్ణయములలో ఈ కొలతనే పట్టుకొనినది. క్రమముగా అది ఆ దేశపు మూల వేతనమునకు పునాది అయినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన రాజ్యాంగపు పీఠికలోనే చాలినంత జీవన వేతనమును పేర్కొనినది.

5. లెక్కలో చేరని మనుష్యులు

ఖర్చులు మాత్రమే కాదు, మనుష్యులు కూడ లెక్క వెలుపల నిలిచిపోయారని మనము మరువరాదు. 7 షిల్లింగుల తీర్పు భార్యాపిల్లలను పోషించు పురుషుని ఉద్దేశించినది. 1912లో మిల్డూరా పండ్ల తోటల వివాదములో, పురుషులతో సమానముగా పండ్లు కోయు స్త్రీలకు సమాన వేతనము ఇచ్చిన హిగ్గిన్స్, స్త్రీల పనిగా భావించబడిన పండ్ల ప్యాకింగుకు తక్కువ వేతనము నిర్ణయించాడు. కారణము, స్త్రీకి సాధారణముగా కుటుంబ పోషణ భారము ఉండదనుట. 1919లో స్త్రీల మూల వేతనము పురుషుని దానిలో నూటికి 54 వంతులుగా స్థిరపడినది. విధవరాండ్రు, వృద్ధులైన తలిదండ్రులను పోషించు కుమార్తెలు ఆ తీర్పుల కంటికి కనబడలేదు. కనీస వేతనము స్త్రీలకు సమానముగా వర్తించినది 1974లో.

ఉత్తర ప్రాంతపు పశువుల క్షేత్రములలో పనిచేయు ఆదివాసులకైతే ఆ వేతనము అసలే లేదు. 1966 మార్చిలో వారికి సమాన వేతనము ఇవ్వవలెనని నిర్ణయము జరిగినది గాని, దాని అమలును 1968 డిసెంబరు వరకు వాయిదా వేశారు. 1966 ఆగస్టులో విన్సెంట్ లింగియారి నాయకత్వమున వేవ్ హిల్ క్షేత్రమును విడిచిపోయిన గురింజీ ప్రజలు వేతనమునే గాక తమ భూమిని కూడ అడిగారు. మంచి కొలత ఉన్నంత మాత్రమున న్యాయము జరుగదు. ఆ కొలత ఎవరికి వర్తించునను ప్రశ్న కూడ అడగవలెను.

6. మన దేశములో

హిగ్గిన్స్ నిర్వచనము మన దేశమునకు కూడ చేరినది. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున ఏర్పడిన సముచిత వేతనముల సంఘము కనీస వేతనము, సముచిత వేతనము, జీవన వేతనము అని మూడు మెట్లు గుర్తించినది. 1958లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మెట్లను పరిశీలించుచు హిగ్గిన్స్ మాటలను ప్రస్తావించినది. మన రాజ్యాంగము 43వ అధికరణము జీవన వేతనముతోపాటు విశ్రాంతిని, సాంఘిక, సాంస్కృతిక అవకాశములను కూడ పేర్కొన్నది. అయితే అది ఆదేశిక సూత్రము గనుక న్యాయస్థానములో నేరుగా అమలు కోరలేము.

1957 జూలైలో 15వ భారత కార్మిక మహాసభ మొదటి మెట్టునకు, అనగా కనీస వేతనమునకు, కొలత నిర్ణయించినది. సంపాదించు ఒకనికి ముగ్గురు వినియోగదారుల లెక్కన ఆహారము. నలుగురు గల కుటుంబమునకు ఏడాదికి 72 గజముల బట్ట. ప్రభుత్వ పారిశ్రామిక గృహముల ప్రకారము అద్దె. వంటచెరకు, దీపము, ఇతర ఖర్చులకు మొత్తములో నూటికి 20 వంతులు. ఆహారమునకు ఆధారము డాక్టర్ ఐక్రాయిడ్ సూచించిన 2,700 కేలరీలు. ఆయన కూనూరులో నడిపిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉన్నది. ఈ కొలతలో స్త్రీల సంపాదనను లెక్కించరాదని వ్రాశారు. పురుషుని వేతనము తగ్గించుటకు భార్య కూలిని సాకుగా చూపకుండుటకు ఇది తోడ్పడినది. కాని సంపాదించువాడు పురుషుడే అను పాత ఊహ అందులోను మిగిలియున్నది.

1991లో రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు ఆ పట్టికకు మరియొక భాగమును చేర్చినది. పిల్లల చదువు, వైద్యము, పండుగలు శుభకార్యములతో కూడిన కనీస వినోదము, వృద్ధాప్యము, వివాహములు, వీటికొరకు కనీస వేతనములో నూటికి 25 వంతులు ఉండవలెనని చెప్పినది. నౌరోజీ 1876లో లెక్క వెలుపల ఉన్నవని చూపిన సంతోష సమయముల ఖర్చు 115 ఏండ్ల తరువాత లెక్కలోనికి వచ్చినది. అదియు జీవన వేతనముగా కాదు, కనీస వేతనములో భాగముగానే. 2024 మార్చిలో అంతర్జాతీయ కార్మిక సంస్థ పాలకమండలి జీవన వేతనపు నిర్వచనమును ఆమోదించినది. ఆ మూడవ మెట్టు ఇంకను మన ముందున్నది.

7. సంఘము ఎదుటనున్న ప్రశ్న

ఈ చరిత్ర కర్మాగారములకు మాత్రమే చెందినదని మనము తప్పించుకొనలేము. సంఘము కూడ యజమానియే. దేవాలయపు కాపలాదారుడు, ఊడ్చు స్త్రీ, హాస్టలులో వంటమనిషి, బడిలో ఆయా, బైబిలు స్త్రీ, గ్రామ సువార్తికుడు మన చేతి జీతముమీద బ్రదుకుతున్నారు. వారి జీతము నిర్ణయించు కమిటీలో వారి ఇంటి లెక్క ఎవరైన చదివారా? హిగ్గిన్స్ గృహిణులను సాక్షులుగా పిలిచినట్లు, మనము ఆ వంటమనిషిని పిలిచి నెలకు బియ్యమునకు ఎంత, అద్దెకు ఎంత, పిల్లల ఫీజుకు ఎంత అని అడిగామా?

ఇది సేవ గనుక జీతము మాట ఎత్తకూడదని కొందరు అంటారు. సేవ చేయువాడు తనకు తానుగా త్యాగము చేయవచ్చును. అతని త్యాగమును కమిటీ తీర్మానము చేయరాదు. చిన్న సంఘమునకు శక్తి లేదను మాటలో కొంత నిజమున్నది. సముచిత వేతనము నిర్ణయించునప్పుడు చెల్లించు శక్తిని చూడవలెనని మన చట్టపు సంప్రదాయము కూడ ఒప్పుకొన్నది. కాని కనీస వేతనము కూడ ఇవ్వలేని పరిశ్రమకు మనుగడ హక్కు లేదని క్రౌన్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. కర్మాగారమునకు చెప్పిన ఈ మాటకంటె తక్కువ కొలతను సంఘము తనకొరకు కోరుకొనుట తగునా? ద్వితీయోపదేశకాండము 24:14-15, యాకోబు 5:4 చదువునప్పుడు మన జీతాల రిజిస్టరు కూడ ప్రక్కన ఉంచుకొనుట మేలు.

చివరిగా, కానుకను గూర్చి ఒక మాట. నౌరోజీ, రౌంట్రీ, హిగ్గిన్స్ ముగ్గురి లెక్కలలోను మతపరమైన ఖర్చు వెలుపలనే ఉన్నది. ఆ లెక్కలోని కుటుంబము ఆదివారమున పళ్ళెములో నాణెము వేసినదనగా, ఆ నాణెము ఆహారములో నుండో, బిడ్డ బూట్లలో నుండో వచ్చినదే. బీద విధవరాలి కానుకను (మార్కు 12:41-44) మనము ప్రేమతో ప్రసంగిస్తాము. దానికి ముందున్న 12:38-40 వచనములు విధవరాండ్రకు నష్టము చేయు మతాధికారులను గూర్చినవని కూడ గుర్తుంచుకొనవలెను. మనుష్యునికి పుచ్చుకొను అవసరము మాత్రమే గాక ఇచ్చు అవసరము కూడ ఉన్నది. పొరుగువానికి సహాయము చేయుటకు, చావు ఇంటికి వెళ్ళుటకు, దేవునికి కానుక తెచ్చుటకు కొంత మిగిల్చు వేతనమే జీవన వేతనము. మన సంఘముల రాబోవు బడ్జెటులో అట్టి జీతము ఎందరికి అందుచున్నదో లెక్కించి చూడవలసిన బాధ్యత మనదే.