ఎపిఫనీ: పదవ్యుత్పత్తి, అర్థపరిణామం

క్రైస్తవ ఆరాధనా సంవత్సరంలో జనవరి 6న జరిగే పండుగకు ఎపిఫనీ అని పేరు. ఇది ఏ సంఘటనకు స్మారకమన్న ప్రశ్నకు సంఘాలన్నీ ఒకే సమాధానం చెప్పవు. రోము సంప్రదాయంలో అది తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన దినం. గ్రీకు సంప్రదాయంలో యోర్దాను నదిలో ఆయన బాప్తిస్మం పొందిన దినం. ఆర్మేనియా సంఘంలో జననానికీ బాప్తిస్మానికీ కలిపి ఒకే పండుగ. ఈ భిన్నత్వానికి అవకాశం పండుగ పేరులోనే ఉంది.

గ్రీకులో 'ఎపిఫానెయా' అంటే వెలుగులోకి రావడం, కనబడడం. ఇందులోని 'ఫైనో' క్రియకూ సంస్కృత 'భా' ధాతువుకూ మూలం ఒకటేనని తులనాత్మక భాషాశాస్త్రం నిరూపించింది. తెలుగులో తత్సమాలుగా స్థిరపడిన ప్రభ, ఆభ, భానుడు ఈ ధాతువు నుండి పుట్టినవే. క్రైస్తవానికి పూర్వం దేవతలు భక్తులకు సాక్షాత్కరించడాన్ని గ్రీకులు ఈ మాటతో వ్యవహరించారు. క్రీ.పూ. 175లో రాజ్యానికి వచ్చిన సెల్యూకసు వంశీయుడు నాలుగవ అంతియోకసు 'ఎపిఫనేస్' బిరుదు ధరించాడు. యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసినవాడు ఇతడే. అతని బిరుదుకు మూలమైన పదకుటుంబం నుండే క్రైస్తవులు తమ పండుగ పేరును గ్రహించడం గమనార్హం.

బసిలిదేసు అనుయాయులు యేసు బాప్తిస్మ దినాన్ని పాటించేవారని క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంటు పేర్కొన్నాడు. 361 జనవరిలో జూలియను గాల్ దేశపు వియెన్ నగరంలో, తన అన్యమత నిష్ఠను దాచుకొంటూ, ఈ పండుగనాడు చర్చికి వెళ్ళిన విషయాన్ని అమ్మియానసు మార్సెల్లినసు నమోదు చేశాడు. డిసెంబరు 25న జననోత్సవం జరిపే ఆచారం పడమటి నుండి తూర్పుకు వ్యాపించినది నాలుగవ శతాబ్ది చివరి భాగంలో. 386లో అంతియొకయలో జాన్ క్రిసోస్తము దానిని సమర్థిస్తూ ప్రసంగించాడు. జననం డిసెంబరుకు చేరడంతో గ్రీకు సంఘాలలో జనవరి 6 ప్రధానంగా బాప్తిస్మానికి నిలిచింది. ఆర్మేనియా సంఘం ఈ మార్పును స్వీకరించలేదు.

ప్రజల వాడుకలో పేరు మరికొన్ని రూపాలు పొందింది. ఇటలీలో 'ఎపిఫానియా' 'బెఫానా'గా మారి, పిల్లలకు కానుకలు తెచ్చే ముసలమ్మకు పేరైంది. స్పెయిన్‌లో అది రాజుల దినం. మత్తయి సువార్త మాత్రం జ్ఞానులను రాజులనలేదు, వారి సంఖ్యనూ చెప్పలేదు.

కొత్త నిబంధనలోని ఈ గ్రీకు పదానికి తెలుగు బైబిలు 'ప్రత్యక్షత' అనే మాటను వాడింది. గ్రీకు పదం ప్రకాశించే వస్తువు వైపు నుండి పుట్టగా, 'అక్ష' శబ్దం గల తెలుగు పర్యాయం చూసే కన్ను వైపు నుండి పుట్టింది. పండుగ పేరు ఏ ఒక్క సంఘటననూ నిర్దేశించక, కనబడడమనే క్రియను మాత్రమే సూచించింది. జననం, జ్ఞానుల దర్శనం, బాప్తిస్మం మూడూ ఆ పేరు కింద ఇమడడానికి కారణమిదే.