ఏ కంపెనీది?

నేను సూరత్ బయల్దేరిన రోజు నాయనమ్మ అరుగు మీద కూచుని "పోరడు దేశం పట్టుకుపోతున్నడు" అని ఏడ్చింది. సిరిసిల్ల దాటని ఆమెకు గుజరాత్ పరదేశమే. ఇన్నేళ్ళ తరవాత ఆ దేశం కథ మీకు చెబుదామంటే సూరత్ కోట కన్నా ముందు ఒక వాటర్ పార్కు గుర్తొస్తోంది.

ఇక్కడ సెలవులంటే దీపావళి సెలవులే. పండగ నుంచి లాభ పాంచమ్ దాకా, అంటే కార్తీక శుద్ధ పంచమి దాకా, బట్టల మార్కెట్లు తెరవరు. సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగుతాయి. రోజుకు పన్నెండు గంటలు ఆ మోతలో ఉన్న చెవులకు మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టదు. ఆ వారంలోనే మేనమామ ఊరి నుంచి వచ్చాడు. పిల్లలు పార్కుకు పోదామని ప్రాణం తీశారు.

గేటు దగ్గర మామ అడిగాడు: "ఇది ఏ కంపెనీది అల్లుడా?"

"కంపెనీ లేదు మామా. ఒకింటోళ్ళది."

టికెట్ల దగ్గర పెద్ద కొడుకు, లాకర్ల దగ్గర చిన్నవాడు, భేల్ కొట్లో కోడలు. ముసలాయన చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో లెక్కల పుస్తకంతో. ఇలాంటి ఇంటి వ్యాపారాన్ని ఇక్కడ పేఢీ అంటారు. వజ్రాలు సాన పట్టినా, నీళ్ళలో జారుడుబల్ల పెట్టినా పేఢీయే.

ఈ ఇంటి వ్యాపారం నిన్న మొన్నటి అలవాటు కాదు. మచిలీపట్నంలో 1611లో దిగిన ఇంగ్లీషు కంపెనీయే, 1613లో జహంగీర్ ఫర్మానాతో ఇక్కడ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. సూరత్ అప్పుడు మొఘలుల పెద్ద రేవు, మక్కా యాత్రికులు ఓడ ఎక్కే చోటు. ఊళ్ళో అందరికన్నా పెద్ద షావుకారు వీర్జీ వోరా అనే జైన వర్తకుడు. ఇంగ్లీషు కంపెనీ ఆయన దగ్గర వడ్డీకి అప్పు తెచ్చుకునేది. రేపు దేశాన్నే ఏలబోయే కంపెనీ ఒకింటి గుమ్మంలో చేయి చాచి నిలబడిందన్నమాట! 1664 జనవరిలో శివాజీ ఊరిని దోచినప్పుడు ఆ ఇల్లూ పోయింది. కంపెనీ ప్రెసిడెంటు జార్జ్ ఆక్సెండెన్ మాత్రం తన కోఠీని కాపాడుకున్నాడు. 1670లో శివాజీ మళ్ళీ వచ్చాడు. 1687లో కంపెనీ పీఠం బొంబాయికి మారింది. తాపీ నదిలో ఇసుక మేట వేసింది. ఊరు మాత్రం చావలేదు. పట్టు, జరీ నేసిన చేతులు పోయిన శతాబ్దంలో కృత్రిమ పట్టుకూ, తరవాత పాలియెస్టర్‌కూ మళ్ళాయి. మనవాళ్ళు వచ్చింది ఆ సాంచెల మీదికే. ఇప్పుడు మునిసిపల్ కార్పొరేషన్‌కు తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి.

పార్కులో అసలు గొడవ మామ ధోవతి. నూలు పీచు ఫిల్టర్లలో ఇరుక్కుంటుందట, నూలు బట్టతో నీళ్ళలోకి దిగనివ్వరు. నైలాన్ జత కిరాయికి తీసుకోవాలి. నలభై ఏళ్ళు నూలు నేసిన మనిషి ఆ చొక్కాను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, తిరగేసి, కుట్టు దగ్గర సాగదీసి చూశాడు.

"నేసింది కాదురా ఇది. అల్లింది. పడుగు లేదు, పేక లేదు."

అయినా వేసుకున్నాడు. జారుడుబల్ల మీద నుంచి "ఓరి నాయనో" అంటూ వచ్చి పడ్డాడు. తరవాత ఇంకో నాలుగుసార్లు ఎక్కాడు, పిల్లల వంక చెప్పి.

తిరుగు దారిలో కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఆగాం. ఇంగ్లీషువాళ్ళ శ్మశానంలో ఆక్సెండెన్ అన్నదమ్ముల గోరీ ఉంది. క్రిస్టఫర్ 1659లో, జార్జ్ 1669లో పోయారు. గుమ్మటాలతో రెండంతస్తుల కట్టడం, మొఘలు నవాబుకు కట్టినట్టు. కాస్త దూరంలో డచ్చివాళ్ళది. మలబారు మొక్కల మీద మహా గ్రంథం చేయించిన డచ్చి కంపెనీ అధికారి వాన్ రీడ్ 1691లో చనిపోతే, ఇంగ్లీషువాళ్ళను మించాలనే అంత పెద్దది కట్టారని ఇక్కడ చెప్పుకుంటారు.

మామ మెడ వెనక్కి వంచి రెండూ చూశాడు.

"ఒకే గల్లీల ఇద్దరు షావుకార్లు పోటీ మీద మేడలు కట్టినట్టున్నది. ఇవెవరింటోళ్ళయిరా?"

"ఇవి మాత్రం కంపెనీలవి మామా."