55093 నంబరు కోల్ట్

షెరిఫ్ పాట్ గారెట్ పేరుతో ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న రివాల్వర్ ఆయన కొనుక్కున్నది కాదు, ఒక దొంగ దగ్గర పట్టుకున్నది. 1880 డిసెంబరులో న్యూ మెక్సికోలోని స్టింకింగ్ స్ప్రింగ్స్ దగ్గర, మంచులో, బిల్లీ ది కిడ్ ముఠా తలదాచుకున్న రాతి గుడిసెను గారెట్ చుట్టుముట్టాడు. లొంగిపోయినవాళ్లలో బిల్లీ విల్సన్ ఒకడు. ఈ కోల్ట్ అతనిదే. నంబరు 55093, ఏడున్నర అంగుళాల గొట్టం.

హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యం కోసం 1873లో తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రకం ఇది. అంతకుముందటి చాలా రివాల్వర్లలో సిలిండర్ గదుల్లోకి మందు పోసి, గుండు దిగగొట్టి, వెనక క్యాపు పెట్టాల్సి వచ్చేది. ఇందులో ఆ అవస్థ లేదు. కుడివైపు చిన్న తలుపు తెరిచి, సిలిండర్‌ను ఒక్కో గది చొప్పున తిప్పుకుంటూ ఇత్తడి తూటాలు జారవిడవడమే. ఆరు పడతాయి. పొరపాటున పేలకుండా హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచి, తెలిసినవాళ్లు ఐదే వేసుకునేవారు. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగితే వరసగా నాలుగు టిక్కులు వినిపిస్తాయి. ప్రతి గుండుకూ మళ్లీ లాగాల్సిందే. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ నుంచీ మనం తెరమీద చూస్తున్న ఆ గుర్రాలవాళ్ల చేతి వేగం వెనక ఈ బొటనవేలి కష్టం ఉంది.

విల్సన్ తుపాకీలో పట్టేది .44-40 తూటా. అది మొదట వించెస్టర్ రైఫిల్‌కోసం చేసింది. 1870ల చివర్లో కోల్ట్ కూడా దాన్ని అందుకోవడంతో, ఊరికి నాలుగు రోజుల దూరంలో తిరిగేవాడు నడుముకి ఒకే రకం తూటాల పట్టీ కట్టుకుంటే రెండు తుపాకులకూ సరిపోయింది. సరిహద్దు ప్రాంతాల్లో ఈ రకం అంతగా పాతుకుపోవడానికి, నా ఉద్దేశంలో, గురి కంటే ఈ సౌకర్యమే పెద్ద కారణం.

1881 జులై 14 రాత్రి. ఫోర్ట్ సమ్నర్‌లో పీట్ మాక్స్‌వెల్ అనే అతని పడకగది చీకటిగా ఉంది. గారెట్ మంచం పక్కన కూర్చుని మాక్స్‌వెల్‌ని ఏదో అడుగుతున్నాడు. లింకన్ నుంచి తప్పించుకుని తిరుగుతున్న బిల్లీ ది కిడ్ లోపలికి వచ్చి, ఎవరో ఆనవాలు పట్టలేక, ఎవరక్కడ అని స్పానిష్‌లో అడిగాడు. గారెట్ ఈ కోల్ట్ తోనే రెండుసార్లు పేల్చాడు. మొదటి గుండు ఛాతీలో దిగింది, రెండోది గురి తప్పింది. చనిపోయినవాడికి ఇరవయ్యొక్కేళ్లు ఉంటాయేమో.

ఆ పేరు గారెట్‌ను ఎంతో దూరం తీసుకెళ్లలేదు. 1901లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయన్ని ఎల్ పాసోలో కస్టమ్స్ కలెక్టరుగా వేశాడు. అక్కడ టామ్ పవర్స్ అనే సెలూన్ యజమానితో స్నేహం కలిసింది. 1905లో రూజ్‌వెల్ట్ టెక్సస్ వచ్చినప్పుడు ఈ పవర్స్‌నే పశువుల వ్యాపారి అని చెప్పి పరిచయం చేయడం, అసలు సంగతి తర్వాత బయటపడడం గారెట్ ఉద్యోగానికి ఎసరు పెట్టాయి. రివాల్వర్ కూడా ఆ పవర్స్ చేతికే చేరింది. తన కోనీ ఐలండ్ సెలూన్‌లో అతను దాన్ని ప్రదర్శనకు పెట్టాడు. 1908 ఫిబ్రవరి 29న లాస్ క్రూసెస్ దగ్గర దారిలో గారెట్‌ను కాల్చి చంపారు. నేరం మోపిన వేన్ బ్రేజెల్ మరుసటి ఏడాది నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఈ చరిత్రలో నాకు అందరికన్నా ఎక్కువగా గుర్తుండిపోయిన మనిషి గారెట్ భార్య అపోలినారియా. పవర్స్ పోయాక, 1930లలో, అది తన భర్త ఎరువిచ్చిన వస్తువే తప్ప ఇచ్చేసింది కాదని ఆమె కోర్టుకెక్కింది. గెలిచింది. భర్త పోయిన పాతికేళ్లకు తుపాకీ ఇల్లు చేరింది. ఆ దావా లేకపోతే సెలూన్ గోడల దాకా వచ్చిన జాడ అక్కడే తెగిపోయేది. పాత ఆయుధాల సంతలో ఇది ఫలానా వీరుడిదన్న మాటకు కొదవ లేదు. చేయి మారిన ప్రతిసారీ సాక్ష్యం చూపగలిగినవి చాలా కొద్ది.

తర్వాత అది టెక్సస్‌లో జిమ్, థెరీసా ఎర్ల్ దంపతుల సేకరణలోకి వెళ్లింది. 2021 ఆగస్టు 27న లాస్ ఏంజెలెస్‌లో బోన్హామ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. వేలంలో అప్పటిదాకా ఏ తుపాకీకీ అంత ధర పలకలేదు. అదే సేకరణ నుంచి అదే వేలానికి ఒక వైట్నీ షాట్‌గన్ కూడా వచ్చింది. డిప్యూటీ బాబ్ ఒలింగర్‌ది. 1881 ఏప్రిల్ 28న లింకన్ కోర్టు భవనంలోంచి తప్పించుకుంటూ, బిల్లీ ది కిడ్ ఒలింగర్‌ను చంపింది ఆ తుపాకీతోనే.