హాజరు తప్పితే నేరం

బడిలో పేరు పిలవగానే పిల్లలు పలుకుతారు. పలకని పిల్లవాడు ఆ పూటకు గైర్హాజరు, అంతే. నూరేళ్ల కిందట మన ఎరుకల తాతలు పోలీసుల ముందు పేరు పలకాల్సి వచ్చేది. పలకకపోతే జైలు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తర భారతంలో అమలు చేసి, 1911లో మార్పులతో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చింది. ఫలానా మనిషి దొంగతనం చేశాడా అని ఈ చట్టం అడగలేదు, ఏ జాతిలో పుట్టాడని అడిగింది. ప్రకటించిన జాతుల వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే పాసు ఉండాలి.

ఎరుకలవారికి తిరగడమే బతుకు. ఉప్పు ఎరుకలవారు పశువుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా చేరవేసేవారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి ఆ వ్యాపారం దెబ్బతింది. ఇక మిగిలింది బుట్టలు అల్లి అమ్ముకోవడం, ఎరుక చెప్పడం, కూలికి పోవడం. రాత్రికి హాజరు చెప్పాల్సినవాడు నాలుగూళ్ల అవతలి సంతకు ఎలా పోతాడు? పోతే నేరం, పోకపోతే పస్తు. కడుపు కోసం హాజరు ఎగ్గొట్టినవాడికి శిక్ష పడేది. ఆ శిక్షలనే చూపించి "వీళ్లు నేరస్థులే" అనేవారు. నేరాన్ని ఆపడానికి పుట్టిన నియమమే నేరస్థులను తయారుచేసింది.

కొందరిని సెటిల్‌మెంట్లకు తరలించారు. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం 1913 ప్రాంతంలో అలా ఏర్పడిందే. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. సీతానగరం, కావలి, సిద్ధాపురంలలోనూ సెటిల్‌మెంట్లు వెలిశాయి. అక్కడ పొలాలు ఇచ్చారు, బడులు పెట్టారు. ఆ మేలును కాదనలేం. కానీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. రిజిస్టరులో ఉన్నవాడు కొన్ని నేరాల్లో రెండోసారి దొరికితే కనీసం ఏడేళ్ల జైలు, మూడోసారైతే ద్వీపాంతరం. అదే నేరం చేసిన ఇతరులకు ఈ లెక్క లేదు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం పోయింది. అందుకే ఆ రోజును విముక్త జాతులవారు విముక్తి దినంగా జరుపుకుంటారు. చట్టం పోయినా ముద్ర పోలేదు. స్టువర్టుపురం పేరు చెబితే దొంగల కథలు గుర్తు చేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊరు ఎలా పుట్టిందో తెలిసినవారు తక్కువ.

నియమాలు అక్కర్లేదని ఎవరూ అనరు. ఏదైనా నియమం పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చేసిన తప్పును చూస్తున్నామా, పుట్టుకను చూస్తున్నామా? దీన్ని పాటిస్తూ మనిషి బతకగలడా? హాస్టల్లో వస్తువు పోయిందంటే ముందుగా ఏ పిల్లవాడి పెట్టె వెతుకుతున్నామో ఉపాధ్యాయులు గమనించాలి. ఆ పాత రిజిస్టరు మన చేతిలోకి రాకూడదు.