రాయ్‌పూర్ పెరటిలో నూరువరహాలు: పూతకు మట్టే ఆధారం

నూరువరహాలు దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందిన సతతహరిత పొద. కాఫీ మొక్కది కూడా ఇదే కుటుంబం. పేరులోని వరహా పూర్వకాలపు బంగారు నాణెం. 1753లో లిన్నేయస్ దీనికి ‘ఇక్సోరా కాక్సీనియా’ అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. ఇక్సోరా అన్నది ‘ఈశ్వర’ శబ్దానికి పోర్చుగీసువారి నోట ఏర్పడిన రూపం. ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ రంగుల గుత్తులు పూసే పొట్టి రకాలు సాధారణంగా రెండు మూడు అడుగుల ఎత్తులోనే గుబురుగా ఉంటాయి. ఇంటి ముంగిటికీ, మేడమీది కుండీలకూ ఇవి అనుకూలం.

ఆకులు ఎందుకు పసుపుబారుతాయి?

లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపానికి గుర్తు. మట్టిలో ఇనుము ఉన్నప్పటికీ, సున్నం ఎక్కువైన క్షార నేలలో వేళ్లు దానిని గ్రహించలేవు. యూరియా వేసినా ఈ పసుపు పోదు. నిర్లక్ష్యం చేస్తే పూత తగ్గి, మొక్క క్రమంగా క్షీణిస్తుంది.

నేల ఎంపిక

ఈ మొక్కకు ఉదజని సూచిక 5 నుంచి 6.5 వరకు ఉండే ఆమ్ల నేల కావాలి. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని వ్యవహరిస్తారు. భాటా ఎర్రని గరప నేల. ఇందులో నీరు నిలవదు గాని సారం తక్కువ కనుక చివికిన ఆకుల ఎరువు సమృద్ధిగా కలపాలి. కన్హార్ నల్లరేగడి. వానాకాలంలో అక్కడ నీరు నిలిచి వేళ్లు కుళ్లే ప్రమాదం ఉన్నందున ఎత్తు మడిలో గాని కుండీలో గాని పెంచడం మేలు. కొత్త గోడను ఆనుకుని నాటరాదు. సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగుతుంది. ఎండిన మట్టిపై కొద్దిగా వెనిగర్ పోసినప్పుడు బుడగలు పొంగితే అందులో సున్నం ఉన్నట్టే. సందేహం ఉంటే నాటడానికి ముందే మట్టి పరీక్ష చేయించాలి.

నీరు, ఎండ

బోరునీటిలో ఉప్పులు, సున్నం ఎక్కువైతే మట్టి క్రమంగా క్షారమవుతుంది. వాననీరు పట్టి ఉంచి పోయడం ఉత్తమం. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలితేనే పూత బాగుంటుంది. స్థానికులు నౌతపా అనే మే చివరి రోజులు, అంటే మన రోహిణి కార్తెలో, మధ్యాహ్నపు నీడ కల్పించి, మొదట్లో ఎండుటాకులు పరవాలి.

పోషణ, ప్రవర్ధనం

ఇనుము లోపం కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయాలి. వారం పది రోజులకు మరోసారి చేయాలి. ఇది తాత్కాలిక ఉపశమనమే. మట్టిని సరిచేయడమే శాశ్వత పరిష్కారం.

కొమ్మల కొసలనే పూలు వస్తాయి కాబట్టి వాడిన గుత్తులను వెంటనే తుంచాలి. పొలుసు పురుగు, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బుతో కలిపి చల్లాలి. తొలకరి తరువాత, ముదురూ లేతా కాని కొమ్మల నుంచి జానెడు కన్నా చిన్న ముక్కలు కోసి, తడి ఇసుకలో నీడపట్టున గుచ్చితే కొత్త మొక్కలు సిద్ధమవుతాయి.