కాలాన్ని స్కేలు మీద కొలిచినవాళ్లు

లేజర్ ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు తిరిగి తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: "ముప్పై ఫెమ్టోసెకన్లని ఎలా చెప్తారు సార్? అంత వేగమైన గడియారం ఏది?" గడియారం లేదంటాను. మైక్రోమీటరు మరకు బిగించిన అద్దం చూపిస్తాను. అద్దాన్ని ఒక్క మైక్రాన్ వెనక్కి జరిపితే రానూపోనూ దారి రెండు మైక్రాన్లు పెరుగుతుంది. వెలుగు సుమారు 6.7 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. మేం కొలిచేది దూరం. కాలం లెక్కలో తేలుతుంది.

ఈ ఉపాయం లేజర్ కంటే పాతది. 1834లో లండన్‌లో చార్లెస్ వీట్‌స్టన్ సెకనుకు 800 చుట్లు తిరిగే అద్దంలో విద్యుత్ స్పార్కులను చూశాడు. స్పార్కు కాసేపు నిలిస్తే దాని ప్రతిబింబం గీతలా సాగాలి. విద్యుదావేశాన్ని నిల్వచేసే లేడెన్ జాడీ నుంచి వచ్చిన స్పార్కు సాగలేదు. అది సెకనులో పదిలక్షల వంతు కూడా ఉండదని ఆయన తేల్చాడు.

1899లో పారిస్‌లో ఆంరీ అబ్రహాం, జూల్ లెమ్వాన్ ఇంకో అడుగు వేశారు. కార్బన్ డైసల్ఫైడ్ ద్రవానికి హై వోల్టేజి పెడితే, అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల మధ్య నుంచి అది వెలుగును పోనిస్తుంది. దాన్ని కెర్ ప్రభావం అంటారు. వోల్టేజి పోయాక ఈ గుణం ఎంతసేపు ఉంటుంది? ద్రవంలోని వోల్టేజిని దించేసే డిశ్చార్జితోనే వాళ్లు స్పార్కు కూడా పుట్టించారు. ఆ స్పార్కు వెలుగును అద్దాల మీదుగా చుట్టు తిప్పి అదే ద్రవంలోకి పంపారు. దారి చిన్నదైతే వెలుగు దాటేది, పెద్దదైతే ఆగిపోయేది. మీటరు దారి అంటే 3.3 నానోసెకన్లు. అద్దాలు జరుపుకుంటూ పోతే జవాబు వచ్చేసింది.

లేజర్లు వచ్చాక అవసరం ముంచుకొచ్చింది. 1966లో ఆంథనీ డిమరియా బృందం నియోడిమియం గ్లాస్ లేజర్‌తో పికోసెకన్ల పల్సులు తీసింది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. డిటెక్టర్లూ ఓసిల్లోస్కోపులూ చేతులెత్తేశాయి. పల్సును కొలవడానికి అంతకంటే చిన్నది కావాలి, అలాంటిది లేదు. మిగిలింది ఆ పల్సే. 1967లో బెల్ ల్యాబ్స్‌లో జోర్డ్‌మైన్, రెంట్జెపిస్ తదితరులు పల్సును రంగు ద్రావణంలోకి పంపి, అద్దంతో వెనక్కి తిప్పి, దానికి అదే ఎదురయ్యేలా చేశారు. రెండు ఫోటాన్లు కలిసి తగిలితేనే ఆ రంగు మెరుస్తుంది, కాబట్టి పల్సు తనను తాను కలిసిన చోట మెరుపు ఎక్కువ. పక్క నుంచి ఫోటో తీసి, ఆ మచ్చ వెడల్పు కొలిస్తే పల్సు నిడివి చేతికొచ్చినట్టే.

అక్కడే చాలామంది బోల్తాపడ్డారు. అస్తవ్యస్తంగా ఎగసిపడే మామూలు వెలుగు కూడా సన్నని మచ్చ చూపిస్తుంది, ఎందుకంటే అందులోని ప్రతి చిన్న ఎగుడుదిగుడూ తనతో తాను సరిపోలుతుంది. తేడా వెడల్పులో లేదు, మెరుపులో ఉంది. అసలైన పల్సుకు మచ్చ చుట్టుపక్కల కంటే మూడు రెట్లు మెరవాలి, ఆ అస్తవ్యస్తపు వెలుగుకైతే ఒకటిన్నర రెట్లే. 1968లో ఈ లెక్క బయటపడ్డాక, వెడల్పు ఒక్కటే చూసి ప్రకటించిన పికోసెకన్లన్నీ మళ్లీ తూకానికి రావాల్సి వచ్చింది.

అదే బెల్ ల్యాబ్స్‌లో మిషెల్ డ్యుగే పాత కార్బన్ డైసల్ఫైడ్‌నే మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి వోల్టేజికి బదులు లేజర్ పల్సే ఆ ద్రవపు తలుపు తీసింది. 10 పికోసెకన్ల ఆ షట్టర్‌తో, పాలచుక్కలు కలిపిన నీళ్లలో పరుగెడుతున్న ఆకుపచ్చ పల్సును మాటిక్ అనే సహ రచయితతో కలిసి ఫోటో తీసి 1971లో ప్రచురించాడు. 10 పికోసెకన్లలో వెలుగు నీళ్లలో పోయేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకే.

మా బల్ల మీద ఇప్పుడు రంగు ద్రావణం బదులు బీబీఓ క్రిస్టల్ ఉంది. కంటికి లీలగా ఎర్రగా కనిపించే 800 నానోమీటర్ల కిరణాలు రెండు అందులో ఒకేసారి కలిస్తే, వాటి నడుమ నీలం చుక్క వెలుగుతుంది. అద్దం కొన్ని మైక్రాన్లు తప్పితే చుక్క మాయం. అద్దం ఎంత జరిపితే చుక్క ఎంత వెలిగిందో గీస్తే అదే ఆటోకోరిలేషన్. కానీ ఆ గీత ఎప్పుడూ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, అసలు పల్సు ఒరిగి ఉన్నా సరే. పల్సు ఆకారం మనమే ఊహించాలి. 43 ఫెమ్టోసెకన్ల గీతను గాసియన్ అనుకుని 1.41తో భాగిస్తే 30 పైచిలుకు. సెక్-స్క్వేర్డ్ అనుకుని 1.54తో భాగిస్తే 28. ఎవరికైనా చిన్న సంఖ్యే ముద్దు.

ఈ ఊహ అవసరం 1991లో తీరింది. అమెరికాలోని సాండియా ల్యాబ్‌లో ట్రెబినో, కేన్‌లు ప్రతి ఆలస్యం దగ్గరా పల్సులు కలిసి పుట్టించే వెలుగును స్పెక్ట్రోమీటరులో పెట్టి రంగులు విడదీశారు. ఎప్పుడు ఏ రంగు వచ్చిందో తెలిస్తే ఆకారాన్ని లెక్కకట్టి రాబట్టవచ్చు. ఫ్రాగ్ అన్న ఈ పద్ధతి వచ్చాక "అనుకుంటే" అన్న మాట చాలావరకు తగ్గింది. 2001లో అగోస్తిని బృందం ఫెమ్టోసెకను కంటే చిన్నవైన, 250 అట్టోసెకన్ల పల్సులను చూపింది. ఇలాంటి పల్సుల మీద పనికే అగోస్తినికీ, క్రౌజ్‌కీ, లుయిలియేకీ 2023 నోబెల్ వచ్చింది. 2001 ప్రయోగంలోనూ ఒక పల్సు దారిని రెండోదాని దారితో పోల్చి కొంచెం కొంచెంగా మార్చడమే పని. 250 అట్టోసెకన్లకు దూరం 75 నానోమీటర్లు.

అందుకే ఎవరైనా కొత్త రికార్డు చెబితే నేను సంఖ్య తర్వాత అడుగుతాను. ముందు అడిగేవి రెండే: అద్దం ఎంత జరిపారు, ఆకారాన్ని కొలిచారా, అనుకున్నారా?